అద్దం ఒకటంటుంది, ఫోను ఇంకొకటంటుంది

"అద్దంలో చూసుకుంటే బాగానే ఉంటాను. ఫోటోలో మాత్రం ఎవరో వేరే మనిషిలా ఉంటాను. ఈ రెండింట్లో ఏది నిజం?"

పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. కొందరు నవ్వుతూ అడుగుతారు. కొందరు అసలు అడగరు. ఫోటో తీసినవాళ్ళ చేతిలోంచి ఫోను లాక్కుని, గుంపులో తమ ముఖం ఒక్కటే పెద్దది చేసి చూసుకుని, "ఇది డిలీట్ చెయ్యి" అంటారు. పెద్దవాళ్ళకి ఇదంతా వయసు చేష్టలా కనిపిస్తుంది. "అందం కొరుక్కు తింటామా, ముందు చదువు చూడు" అని కొట్టిపారేస్తారు. అలా కొట్టిపారేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ప్రశ్న వెనక కెమెరా కటకం గురించి, మెదడు పనితీరు గురించి, చర్మం గురించి ఎంతో విజ్ఞానం ఉంది. దాన్ని తెలుసుకోకుండా ఆ పిల్లల బాధ మనకు అర్థం కాదు.

ఏ ముఖం నిజం?

ముందు సులువైన భాగం చూద్దాం. మనిషి ముఖం రెండు పక్కలా ఒకేలా ఉండదు. పాపిడి ఒక పక్కకి ఉంటుంది. పుట్టుమచ్చ ఒక చెంప మీదే ఉంటుంది. ఒక కనుబొమ కాస్త పైకి లేచి ఉంటుంది, నవ్వితే పెదవి ఒక వైపే ఎక్కువ సాగుతుంది. అద్దం కుడి ఎడమల్ని మార్చి చూపిస్తుంది. బుద్ధెరిగినప్పటినుంచి మనకు తెలిసిన మన ముఖం ఆ తారుమారైన ముఖమే. ఫోటో చూపించేది ఎదుటివాళ్ళు రోజూ చూసే ముఖాన్ని.

1977లో అమెరికాలోని విస్కాన్సిన్-మిల్వాకీ విశ్వవిద్యాలయంలో మీటా, డెర్మర్, నైట్ అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని పరీక్షించారు. విద్యార్థినుల ఫోటోలు తీసి, ఒక్కోదాన్నీ రెండు రకాలుగా అచ్చు వేశారు. ఒకటి మామూలుగా, ఒకటి అద్దంలో కనిపించేట్టు తిప్పి. ఏది బాగుందని అడిగితే, ఎక్కువమంది అమ్మాయిలు తమ అద్దం ముఖాన్నే ఎంచుకున్నారు. వాళ్ళ స్నేహితురాళ్ళు మాత్రం మామూలు ఫోటోకే మొగ్గు చూపారు. ముఖం అదే, వెలుగు అదే, నవ్వూ అదే. ఎవరి కంటికి ఏది అలవాటో వాళ్ళకి అది బాగుంది.

సెల్ఫీ సంగతి వేరు. చేత్తో పట్టుకున్న ఫోనుకీ మన ముక్కు కొసకీ మధ్య అడుగు దూరం, అంటే 30 సెంటీమీటర్లు ఉందనుకుందాం. చెవులు ముక్కు కొసకి ఇంకో 12 సెంటీమీటర్లు వెనక ఉన్నాయనుకుందాం. అప్పుడు కెమెరా నుంచి ముక్కు 30 దూరంలో, చెవులు 42 దూరంలో ఉన్నట్టు. దగ్గరున్నది పెద్దగా, దూరానున్నది చిన్నగా పడుతుంది కనుక ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అదే ఫోటోను ఐదడుగుల దూరం నుంచి మరొకరు తీస్తే ముక్కు 150 దూరంలో, చెవులు 162 దూరంలో ఉంటాయి. తేడా ఉన్నా కంటికి ఆనదు. 2018లో అమెరికాలో ముఖ శస్త్రవైద్యుడు బోరిస్ పాస్కోవర్, ఆయన సహచరులు సగటు తల కొలతలతో ఈ లెక్క కట్టారు. ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, అడుగు దూరపు సెల్ఫీలో ముక్కు వెడల్పు దాదాపు 30 శాతం ఎక్కువ కనిపిస్తుందని తేలింది. సెల్ఫీలు చూపించి ముక్కు చిన్నది చేయమని అడిగేవాళ్ళు తన దగ్గరికి వస్తుండడమే ఆ డాక్టరును ఈ లెక్కకు పురిగొల్పింది. లేని లోపానికి కత్తి పెట్టించుకోవడానికి సిద్ధపడుతున్న మనుషులు వాళ్ళు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది: అద్దమూ ఫోనూ రెండూ కొంత మార్చే చూపిస్తాయి. అయితే ఆ రెండూ మార్చగలిగింది కొంతే. అసలైన మార్పు జరిగేది కంటి వెనక, మెదడులో.

కంటికి కొలత ఎక్కడిది?

1878లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక వింత పని చేశాడు. నేరస్థుల ముఖాలకు ఒక ప్రత్యేక లక్షణం ఉంటుందని అతని నమ్మకం. ఖైదీల ఫోటోలను ఒకే పలక మీద ఒకదానిపై ఒకటి పడేలా అచ్చు వేస్తే ఆ లక్షణం బయటపడుతుందనుకున్నాడు. పడింది మాత్రం చూడముచ్చటైన ముఖం! విడివిడిగా చూసినప్పటి మొరటుతనం ఏదీ అందులో మిగల్లేదు. (మేలుజాతి పేరుతో మనుషుల్ని వడపోయాలనే ప్రమాదకరమైన సిద్ధాంతానికి పేరు పెట్టింది కూడా ఈ గాల్టనే. తన ఫోటోలు చెబుతున్న విషయాన్ని అతను సరిగ్గా వినలేదనే నాకనిపిస్తుంది.) 1990లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో జుడిత్ లాంగ్లాయ్, లోరీ రాగ్‌మన్ కంప్యూటర్‌తో ఈ పనే చేశారు. పదహారు, ముప్పైరెండు ముఖాలు కలిపి తయారుచేసిన సగటు ముఖం, ఆ విడి ముఖాల్లో చాలావాటికంటే అందంగా ఉందని చూసినవాళ్ళు చెప్పారు.

దీన్నిబట్టి మెదడు ఏం చేస్తుందో ఊహించవచ్చు. చూసిన ప్రతి ముఖాన్నీ, ప్రతి ఒంటినీ లోపల కలుపుకుంటూ పోతుంది. వాటి సగటుకు దగ్గరగా ఉన్నవి "బాగున్నాయి" అనిపిస్తాయి. ఈ లోపలి లెక్కను మన మాటల్లో చూపు సగటు అందాం. వందేళ్ళ కిందట ఒక పల్లెలో పెరిగిన పిల్ల చూపు సగటు ఆ ఊరివాళ్ళతో, చుట్టాలతో, సంతకొచ్చే జనంతో తయారయ్యేది. అందులో ముసలివాళ్ళున్నారు, మశూచి మచ్చలున్నవాళ్ళున్నారు, ఎండలో పనిచేసి కమిలినవాళ్ళున్నారు, బొద్దువాళ్ళు, బక్కవాళ్ళు అందరూ ఉన్నారు. ఇవాళ్టి పిల్ల చూపు సగటులో చాలా భాగం తెర మీది ముఖాలే. అవి వెలుగు సరిచేసినవి, చర్మం నునుపు చేసినవి, వేలమందిలోంచి ఏరి తెచ్చినవి. మెదడుకు ఆ ఏరివేత సంగతి తెలియదు. దానికి కనిపించినదంతా లోకమే.

ఈ సగటు ఎంత తొందరగా మారుతుందో 2005లో పశ్చిమ ఆస్ట్రేలియాలో వింక్లర్, రోడ్స్ అనే పరిశోధకులు చూపించారు. సన్నగా సాగదీసిన స్త్రీల బొమ్మలను కొద్ది నిమిషాలు వరసగా చూపించి, ఆ తర్వాత రకరకాల ఒళ్ళున్న బొమ్మలు చూపారు. అంతకుముందు మామూలనుకున్న ఒళ్ళు ఇప్పుడు లావుగా కనిపించింది. ఇంకా సన్నటిది మామూలుగానూ, అందంగానూ కనిపించింది. దీన్ని విజువల్ అడాప్టేషన్ అంటారు. మనం కంటి మరుగుడు అనుకోవచ్చు.

జిలేబీ తిన్న వెంటనే టీ తాగి చూడండి. చప్పగా ఉంటుంది. టీలో పంచదార తగ్గలేదు. రోజూ వేసే చెంచానే వేశారు. నాలుక తన కొలతను జిలేబీ దగ్గరికి జరుపుకుంది, అంతే. జిలేబీ తిన్న సంగతి మరచిపోతే టీ పెట్టిన అమ్మనే అంటాం, "ఇవాళ చక్కెర వేయలేదేం?" అని. అద్దం ముందు పదిహేనేళ్ళ పిల్ల చేస్తున్నది అచ్చంగా ఇదే. గంటసేపు రీల్స్ చూసి లేచి అద్దంలోకి చూస్తుంది. అద్దంలో ఉన్నది నిన్నటి ముఖమే. కానీ కన్ను తన కొలతను జరుపుకుని వచ్చింది. తెర మీద చూసినవాటిని తప్పుపట్టాలని ఆ పిల్లకు తోచదు. తన ముఖాన్నే తప్పుపడుతుంది.

ఫిజీలో టీవీ వచ్చిన మూడేళ్ళు

ప్రయోగశాలలో జరిగింది లోకంలో కూడా జరుగుతుందా? టీవీ ఉన్న దేశంలో దీన్ని తేల్చడం కష్టం, అందరూ చూస్తూనే పెరిగారు కాబట్టి. టీవీ అప్పుడే అడుగుపెడుతున్న చోటు ఒకటి కావాలి. అలాంటి చోటు ఫిజీలో దొరికింది.

ఫిజీ మనకు బొత్తిగా తెలియని దేశమేమీ కాదు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ వారసులు అక్కడున్నారు. అయితే ఈ కథ అక్కడి మూలవాసులైన ఫిజీ అమ్మాయిలది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మానసిక వైద్యురాలు, మానవశాస్త్రజ్ఞురాలు ఆన్ బెకర్ 1980ల నుంచి ఆ దీవులకు వెళ్ళివస్తున్నారు. ఆ సమాజంలో నిండైన ఒళ్ళు మెచ్చుకోదగ్గది. ఎవరైనా చిక్కిపోతే ఇంటిల్లిపాదీ కంగారుపడేవారు, పిల్లను సరిగ్గా చూసుకోవడం లేదని ఊరు ఆ కుటుంబాన్ని తప్పుపట్టేది. తిండి సయించకపోవడాన్ని వాళ్ళు ఒక జబ్బుగా లెక్కగట్టి ఆకుపసరు పట్టేవారు. మన ఇళ్ళలో నాయనమ్మలు "చిక్కిపోయావే తల్లీ" అని కొసరి కొసరి వడ్డించడం గుర్తొస్తుంది.

1995లో నద్రోగా అనే ప్రాంతానికి టెలివిజన్ వచ్చింది. వచ్చిన కొద్ది వారాలకే బెకర్ అక్కడి హైస్కూలు అమ్మాయిలు 63 మందిని ప్రశ్నావళితో పరీక్షించారు. మూడేళ్ళ తర్వాత 1998లో, అదే వయసున్న మరో 65 మందిని అవే ప్రశ్నలు అడిగారు. తిండి విషయంలో ప్రమాద సూచనలున్నవాళ్ళు మొదటిసారి 12.7 శాతం, రెండోసారి 29.2 శాతం. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకున్నవాళ్ళు 1995లో ఒక్కరూ లేరు. 1998లో 11.3 శాతం. నూటికి డెబ్భై నాలుగు మంది తాము మరీ లావుగా ఉన్నామని అప్పుడప్పుడూ అయినా అనిపిస్తుందని చెప్పారు.

వాళ్ళు చూసినవి చాలావరకు అమెరికా, న్యూజిలాండ్‌ల సీరియళ్ళు. 'ఇలా సన్నబడండి' అని వాటిలో ఎవరూ చెప్పలేదు. కానీ సీరియల్లో మంచి ఉద్యోగం, మంచి ఇల్లు, స్వేచ్ఛ ఉన్న ఆడవాళ్ళందరూ సన్నగానే ఉన్నారు. ఫిజీలో అప్పుడప్పుడే తిండి కోసం చేసుకునే సేద్యం తగ్గి జీతపు ఉద్యోగాలు వస్తున్నాయి. ఆ ఒళ్ళు ఉంటేనే ఆ బతుకు వస్తుందని పిల్లలు అర్థం చేసుకున్నారు. ఈ అధ్యయనంలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ సంగతే. వాళ్ళకు అందం మీద మోజు పుట్టిందని అనుకుంటే పొరపాటు. వాళ్ళు కోరుకున్నది బాగుపడడం.

బెకర్ బృందం 2011లో మరో సంగతి బయటపెట్టింది. ఒక అమ్మాయి ఇంట్లో టీవీ ఉందా లేదా అన్నదానికంటే ఆమె స్నేహితుల ఇళ్ళలో ఉందా అన్నదే తిండి సమస్యలతో ఎక్కువ ముడిపడి ఉంది. ఇంట్లో టీవీ తీసేసి పిల్లను కాపాడుకున్నాననుకునే తల్లిదండ్రులు ఈ విషయం గమనించాలి. తెర చూసినవాళ్ళ మాటల్లో కూడా ఆ కొలత ప్రయాణిస్తుంది.

చామనఛాయ

ఫిజీలో సమస్య ఒంటి లావుతో మొదలైంది. మన దగ్గర అంతకంటే పాతది, లోతైనది రంగు. దీనికి టీవీ రాక కోసం ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. కడుపుతో ఉన్న అమ్మాయికి బిడ్డ తెల్లగా పుట్టాలని పాలలో కుంకుమపువ్వు కలిపి ఇవ్వడం, పుట్టిన బిడ్డ చెవి అంచులు చూసి ఇంకో ఏడాదికి ఏ రంగుకు తిరుగుతుందో చెప్పడం, ఆడపిల్లను ఎండలో ఆడుకోనివ్వకపోవడం, పెళ్ళిచూపుల ఫోటోకి స్టూడియోవాడికి టచింగ్ కోసం ఇంకొంచెం డబ్బులివ్వడం మనందరికీ తెలిసినవే. సినిమా, ప్రకటనలు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఉన్న పుండు మీద వ్యాపారం పెట్టాయి.

ముందు చర్మం సంగతి. చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే రంగు కణాలు, అంటే మెలనోసైట్లు, తెల్లవాళ్ళలోనూ నల్లవాళ్ళలోనూ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. ఆ కణాలు ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకానిది చేస్తాయి, దాన్ని ఎంత పెద్ద పొట్లాలుగా పై కణాలకు అందిస్తాయి అన్నదాంట్లోనే తేడా. సూర్యుడి అతినీల కిరణాలు చర్మాన్నీ, ఒంట్లోని ఫోలేటు అనే విటమిన్‌నూ దెబ్బతీయకుండా మెలనిన్ అడ్డుకుంటుంది. ఎండ మండే నేలలో తరతరాలుగా బతికినవాళ్ళకు ముదురు రంగు ఉండడం ఒంటికి మేలు చేసిన ఏర్పాటు.

2005లో అమెరికా శాస్త్రవేత్తలు జీబ్రా చేపల్లో వెతుకుతూ రంగుకు సంబంధించిన ఒక జన్యువును కనిపెట్టారు. దాని పేరు ఎస్ఎల్‌సి24ఎ5. అందులో ఒకే ఒక్క అక్షరం మారితే చర్మం లేతబారుతుంది. 2013లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఎస్తోనియా పరిశోధకులతో కలిసి, యూరప్ వాళ్ళలోనూ మన ఉపఖండం వాళ్ళలోనూ ఉన్న ఆ మార్పు ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిందని నిరూపించారు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్ళలో ఒకరు పసిమిగా, ఒకరు చామనఛాయగా ఎందుకుంటారో ఈ జన్యువూ ఇలాంటి మరికొన్నీ చెబుతాయి. కుంకుమపువ్వుకు వాటి మీద ఏ అధికారమూ లేదు. అమ్మాయి గుణానికీ, తెలివికీ, ఆమెను కన్నవాళ్ళ పుణ్యానికీ వీటితో సంబంధం లేదని విడిగా చెప్పాల్సి రావడం బాధాకరం. అయినా చెప్పాలి, ఎందుకంటే పెళ్ళి మాటల్లో ఆ సంబంధం ఇంకా కలుపుతూనే ఉన్నారు.

బొంబాయిలో పటాన్‌వాలా 1919లో అఫ్గాన్ స్నో అనే క్రీము అమ్మడం మొదలుపెట్టాడు. 1975లో హిందుస్తాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీ తెచ్చింది. ఆ తర్వాతి తరాలు చూసిన ప్రకటనల కథ ఒకటే: నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, పెళ్ళి కుదరదు, నాన్న దిగులుపడతాడు. క్రీము రాస్తుంది. రంగుల పట్టీలో ముఖం ఒక్కో గడీ తెల్లబడుతుంది. ఉద్యోగం, పెళ్ళి, నాన్న కళ్ళలో గర్వం వరసగా వచ్చేస్తాయి. ఫిజీ పిల్లలు సీరియళ్ళ నుంచి తమంతట తాము ఊహించుకున్న పాఠాన్ని మన పిల్లలకు అరటిపండు ఒలిచినట్టు చెప్పారు. 2005లో మగపిల్లల కోసమూ విడిగా ఒక క్రీము వచ్చింది. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి, ముదురు రంగువాళ్ళను ఓడిపోయినవాళ్ళుగా, దిగులుగా చూపించకూడదని నియమం పెట్టింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ అనే మాట తీసేసి గ్లో పెట్టారు. పేరు మారినంత మాత్రాన నలభై ఐదేళ్ళుగా కళ్ళలో కూర్చున్న కొలత చెరిగిపోదు.

పేరున్న క్రీములు పెద్దగా హాని చేయకపోవచ్చు. అవి పనిచేయలేదని విసిగినవాళ్ళు వెళ్ళే తర్వాతి మెట్టు భయంకరమైనది. మందుల షాపులో ఎవరో చెప్పారని స్టెరాయిడ్ క్రీములు కొని ముఖానికి రోజూ రాస్తారు. మొదటి వారాల్లో ముఖం నిజంగానే తేటపడుతుంది. అక్కడే చిక్కుకుంటారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలుతాయి, మొటిమలు, ముఖం మీద రోమాలు వస్తాయి. మానేద్దామంటే మంట భరించలేక మళ్ళీ అదే రాస్తారు. చర్మ వైద్యులు ఎన్నో ఏళ్ళు మొత్తుకున్నాక 2018లో ప్రభుత్వం ఈ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ఆదేశించింది. పాదరసం కలిపిన క్రీములు ఇంకా ప్రమాదం. కేరళలోని కొట్టక్కల్ డాక్టర్లు 2021 నుంచి 2023 మధ్య తమ దగ్గరికొచ్చిన ఒక రకం మూత్రపిండాల జబ్బు కేసులు 22 పరిశీలించారు. అందులో 15 మందిలో అరుదైన ఒక గుర్తు కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది జబ్బుకు ముందు తెల్లబడే క్రీములు వాడినవాళ్ళే. ముఖానికి రాసింది మూత్రపిండాల దాకా వెళ్ళింది.

పక్క బెంచీ పిల్ల

సినిమా తార ముఖం చూసినప్పుడు మనకు ఒక సాకు ఉంటుంది. "ఆమెకి మేకప్‌వాళ్ళున్నారు, లైట్లున్నాయి" అని సర్దిచెప్పుకుంటాం. 1954లో లియాన్ ఫెస్టింజర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, మనుషులు తమను తాము కొలుచుకోవడానికి తమలాంటివాళ్ళనే ఎంచుకుంటారని సిద్ధాంతీకరించాడు. సోషల్ కంపారిజన్ అంటారు దీన్ని. సాటి పోలిక అనుకుందాం. ఆస్తిలో, మార్కుల్లో, ముఖంలో మనం సరిచూసుకునేది తోటికోడలితో, తోటి విద్యార్థితో.

ఫోను చేసిన పెద్ద మార్పు ఇక్కడే ఉంది. ఒకప్పుడు తెర మీద తార ఉండేది, పక్క బెంచీలో మామూలు పిల్ల ఉండేది. ఇప్పుడు పక్క బెంచీ పిల్ల కూడా తెర మీదికొచ్చింది. ఆమె యాభై ఫోటోలు దిగి, ఒకటి ఎంచి, ఫిల్టర్‌తో కళ్ళు పెద్దవి చేసి, దవడ సన్నం చేసి పెడుతుంది. చూసేవాళ్ళకు ఆ యాభై కనిపించవు. "ఆమె కూడా మా ఊరిదే, మా క్లాసే, మరి నేనెందుకిలా ఉన్నాను?" అనిపిస్తుంది. ఈ పిల్ల కూడా అదే ఫిల్టర్ వాడి తన ఫోటో పెడుతుంది. దాన్ని చూసి మూడో పిల్ల బాధపడుతుంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. అందరూ ఒకరి భయంతో ఇంకొకరు పరిగెడుతున్నారు.

కంపెనీలకు ఈ సంగతి తెలుసు. ఇన్‌స్టాగ్రామ్ లోపల జరిపిన పరిశోధన కాగితాలను 2021 సెప్టెంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. తమ వేదిక ప్రతి ముగ్గురు టీనేజీ అమ్మాయిల్లో ఒకరికి ఒంటి మీద అసంతృప్తిని ఇంకా పెంచుతోందని అందులో రాసుకున్నారు. ఆ లెక్క అప్పటికే అలాంటి అసంతృప్తి ఉన్న అమ్మాయిలకు సంబంధించినదని కంపెనీ సమాధానం. ఆ సమాధానాన్ని యథాతథంగా ఒప్పుకున్నా, గాయం ఉన్నచోటే దెబ్బ తగులుతోందని అర్థం.

మగపిల్లల గురించి మనం తక్కువ మాట్లాడతాం, వాళ్ళు అసలు మాట్లాడరు. హార్వర్డ్‌లో హారిసన్ పోప్ అనే మానసిక వైద్యుడు 1999లో, అమెరికా పిల్లలు ఆడుకునే జి.ఐ. జో సైనికుడి బొమ్మలను కొలిచాడు. బొమ్మను నిజం మనిషంత పెంచితే తొలినాటి బొమ్మ జబ్బ చుట్టుకొలత సుమారు 12 అంగుళాలు. 1990ల చివరికొచ్చిన ఒక బొమ్మది దాదాపు 27 అంగుళాలు. ఏ వ్యాయామంతోనూ రాని జబ్బ అది. మన సినిమాల్లో కూడా హీరో చొక్కా విప్పే దృశ్యం మామూలైన కాలంలోనే జిమ్ములు సందుసందుకీ వచ్చాయి. కండలు చాలడం లేదన్న దిగులుతో పౌడర్లు, సూదులు మొదలుపెట్టే కుర్రవాడికి అది జబ్బుగా తోచదు, పట్టుదలగా తోస్తుంది. ఇంట్లోవాళ్ళకూ అలాగే తోస్తుంది. అందుకే అది ఆలస్యంగా బయటపడుతుంది.

చీటీ అంటిస్తే చాలా?

"ఈ ఫోటో సరిదిద్దినది" అని కింద రాస్తే పిల్లలు మోసపోరు కదా అని చాలా దేశాలు ఆలోచించాయి. 2017 నుంచి ఫ్రాన్సులో మోడళ్ళ ఒళ్ళు సన్నగానో లావుగానో మార్చిన ప్రకటనల మీద ఆ సంగతి చెప్పాలి. నార్వే 2021లో ఇలాంటి చట్టమే చేసింది. ఆలోచన మంచిదే. కానీ ఇలాంటి చీటీలు చూసేవాళ్ళకు తమ రూపం మీదున్న అభిప్రాయాన్ని కాపాడుతున్నాయా అని పరిశోధకులు మళ్ళీ మళ్ళీ పరీక్షించినప్పుడు పెద్దగా లాభం కనిపించలేదు. జిలేబీ తిన్నానని తెలిసినంత మాత్రాన టీ తియ్యగా మారదు. చదివి అర్థం చేసుకునే తెలివి ఒక చోట పనిచేస్తుంది, కంటి మరుగుడు మరో చోట, అంతకంటే ముందే పనిచేస్తుంది.

మరి ఏది పనిచేస్తుంది? కొలత ఎలా చెడిందో ఆ దారిలోనే సరిచేయాలి. ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయంలో లిండా బూత్రాయిడ్, ఆమె సహచరులు నికరాగువా దేశపు మారుమూల పల్లెల్లో పనిచేశారు. కొన్ని ఊళ్ళకు కరెంటు, టీవీ ఉన్నాయి, పక్క ఊళ్ళకు లేవు. టీవీ ఎక్కువ చూసేవాళ్ళు మరింత సన్నటి స్త్రీలను అందగత్తెలన్నారు. తర్వాత, టీవీ దాదాపు తెలియని పల్లెవాసులకు ఫ్యాషన్ ఫోటోలు ఒక పావుగంట చూపించారు. కొందరికి సన్నటి మోడళ్ళవి, కొందరికి బొద్దుగా ఉన్నవాళ్ళవి. ఎవరు ఏవి చూశారో ఆ వైపుకే వాళ్ళ ఇష్టం జరిగింది. పావుగంట చాలింది. ఈ ఫలితాన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. కొలత తేలిగ్గా చెడుతుంది, అంతే తేలిగ్గా మళ్ళుతుంది కూడా.

కెనడాలో కుంగుబాటు లేదా ఆందోళన లక్షణాలున్న 17 నుంచి 25 ఏళ్ళ విద్యార్థులు 220 మందితో చేసిన ప్రయోగం 2023లో వెలువడింది. సగంమందిని మూడు వారాల పాటు సోషల్ మీడియా రోజుకు గంటకు మించకుండా వాడమన్నారు. మిగతావాళ్ళు మామూలుగానే వాడారు. మొదటి గుంపుకి తమ రూపం మీద, బరువు మీద ఉన్న అభిప్రాయం మెరుగుపడింది. వాళ్ళను బరువు తగ్గమని గానీ, క్రీము రాయమని గానీ ఎవరూ అడగలేదు. కంటికి మేత తగ్గించారు.

ఇంట్లో మాటలు కూడా మేతే. ఇంటివాళ్ళు బరువు మీద వేసే ఛలోక్తులకీ, పిల్లల్లో తర్వాత కనిపించే తిండి సమస్యలకీ సంబంధం ఉందని అమెరికాలో మిన్నెసోటా పరిశోధకులు పదేళ్ళకు పైగా అవే పిల్లల్ని గమనిస్తూ వచ్చి చూపించారు. "నల్లపిల్ల, ఎవరు చేసుకుంటారో" అనే అత్తయ్య మాట, "ఇంకో గారె తింటే గుమ్మం పట్టవు" అనే మావయ్య మాట, అనేవాళ్ళు మరచిపోతారు. మేనకోడలు మరచిపోదు. ఇవి మానడానికి చట్టం అక్కర్లేదు, ఖర్చు లేదు. పెళ్ళిళ్ళలో, పండగల్లో మొదలుపెట్టవచ్చు.

అయితే కొందరిలో ఈ బాధ ఇంతటితో ఆగదు. ముక్కు గురించో, మచ్చ గురించో రోజుకు గంటల తరబడి ఆలోచిస్తారు. పదే పదే అద్దం చూస్తారు, లేదంటే అద్దాలకు గుడ్డ కప్పేస్తారు. కాలేజీ మానేస్తారు. ఎదుటివాళ్ళకు ఆ లోపం కనిపించదు. దీన్ని వైద్యులు బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. ప్రతి నూరుమందిలో ఇద్దరికి ఉంటుందని అంచనా. ఇలాంటివాళ్ళ మెదడును స్కాన్ చేసి చూసిన పరిశోధకులకు ఒక తేడా కనిపించింది. మామూలుగా మనం ముఖాన్ని మొత్తంగా చూసే సందర్భంలో కూడా వీళ్ళ మెదడు వివరాలను వెతికే మార్గంలో పనిచేస్తోంది. ముక్కు బాగుచేయించుకున్నా వీళ్ళకు నెమ్మది దొరకదు, దిగులు ఇంకో చోటికి మారుతుంది. ఆలోచనా తీరును మార్చే మానసిక చికిత్స, అవసరమైతే మందులు పనిచేస్తాయి. వీళ్ళను చర్మ వైద్యుడి దగ్గరికో బ్యూటీపార్లర్‌కో కాకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాలి. వెంటనే వెళ్ళే వీలు లేకపోతే, ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉంది. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.